కోన్ మీద పడే బరువు: స్లైడ్ బ్లూస్ కోసం ఒక రెసొనేటర్ గిటార్ సెటప్

ఈ కేసులో గిటార్ వివరాలు ముందు చెప్తాను. ఇత్తడి బాడీ, దాని మీద నికెల్ పూత. 14వ ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర బాడీని కలిసే మెడ. స్కేలు, అంటే మోగే తీగ పొడవు, 635 మిల్లీమీటర్లు. లోపల బిస్కెట్ బ్రిడ్జ్‌తో ఒకే కోన్, అంటే శబ్దాన్ని పెంచే పల్చని అల్యూమినియం శంకువు. ఆసియా ఫ్యాక్టరీ సరుకు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. యజమాని మెంఫిస్‌లో ఐటీ ఉద్యోగం చేసే గుంటూరు అబ్బాయి. నేను ఇదే ఊళ్లో తీగ వాద్యాలు రిపేరు చేస్తాను. హైవే 61 పట్టుకుని దక్షిణంగా వెళ్తే క్లార్క్స్‌డేల్ వస్తుంది. అక్కడ బ్లూస్ విన్నవాళ్లలో ఇనప గిటార్ (ఇత్తడిదైనా ఉక్కుదైనా లోహపు బాడీ గిటార్‌ను ఇక్కడ అలాగే అంటున్నాను) పిచ్చి పట్టినవాళ్లు చాలామంది, ఇతనూ అంతే.

అతను చెప్పిన ఫిర్యాదులు నాలుగు. మూడో తీగ ఖాళీగా మీటినా బజ్ అంటోంది. ఆరో తీగ, అంటే అన్నిటికన్నా మందమైనది, గట్టిగా మీటితే లోపల ఏదో గలగలలాడుతోంది. స్లైడ్ (వేలికి తొడిగి తీగల మీద జార్చే గొట్టం) 7వ ఫ్రెట్ దాటితే ఫ్రెట్లకు కొట్టుకుని టకటకమంటోంది. వేలితో నొక్కి వాయిస్తే పై ఫ్రెట్లలో శ్రుతి కలవడం లేదు.

"అన్నా, మొత్తం మీద రేకుడబ్బా మోతలా ఉంది. కోన్ పోయింది. కొత్తది తెప్పించేశాను, మార్చేద్దామా?" అని పెట్టె బల్ల మీద పెట్టాడు.

"పెట్టె అలాగే ఉండనీ తమ్ముడూ. ముందు తీగలు ఎక్కడెక్కడ ఎలా కూర్చున్నాయో చూద్దాం" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో వివరించడానికే ఈ కేసు రాస్తున్నాను. రెసొనేటర్ గిటార్‌తో ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమంది రెండు పనులు చేస్తారు. స్లైడ్ తగులుతోందని తీగలు పైకి లేపుతారు, శబ్దం బాగోలేదని కోన్ మార్చేస్తారు. రెండూ అవసరమైన గిటార్లు ఉంటాయి, కాదనను. కానీ ఈ వాద్యంలో ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: తీగలు కోన్ మీద ఎంత బరువు మోపుతున్నాయి? అది తేలితే తీగల ఎత్తు, బజ్, స్వరం చాలావరకు దాని వెంటే వస్తాయి. అది తేలకుండా ఏం మార్చినా డబ్బు దండగ.

ఈ వాద్యం ఎలా పనిచేస్తుంది

1920లలో డాన్స్ బ్యాండ్లలో బాకాల మధ్య గిటార్ వినపడేది కాదు. కరెంటు గిటార్ ఇంకా మార్కెట్లోకి రాలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఉన్న స్లోవాక్ వలసదారు జాన్ డోపియెరా గిటార్ లోపల పల్చని అల్యూమినియం కోన్లు అమర్చే పద్ధతి కనిపెట్టాడు. 1927లో నేషనల్ కంపెనీ మూడు కోన్ల మోడల్‌ను అమ్మకానికి తెచ్చింది. ఆ వెంటనే ఒకే పెద్ద కోన్‌తో చవక మోడళ్లు వచ్చాయి. డోపియెరా సోదరులు నేషనల్ నుంచి విడిపోయి డోబ్రో పేరుతో మరో పద్ధతి తెచ్చారు. డోబ్రోలో కోన్ గిన్నెలా నోరు పైకి పెట్టుకుని ఉంటుంది, సాలీడు కాళ్ల లాంటి ఎనిమిది కాళ్ల బ్రిడ్జ్ దాని అంచు మీద ఆనుతుంది. బ్లూగ్రాస్ వాళ్లు ఒళ్లో పెట్టుకుని వాయించేది ఎక్కువగా ఆ రకమే.

మన కేసులోది నేషనల్ ఒంటి కోన్ పద్ధతి. ఇందులో కోన్ బోర్లించినట్టు ఉంటుంది. శిఖరం మీద గుండ్రటి మేపుల్ చెక్క, దాన్నే బిస్కెట్ అంటారు. దాని గాడిలో నిలువుగా దిగిన పల్చటి చెక్కే సాడిల్. తీగలు సాడిల్‌ను కిందికి నొక్కుతాయి, సాడిల్ బిస్కెట్‌ను, బిస్కెట్ కోన్‌ను. కోన్ అంచు బాడీలోని గుండ్రటి మెట్టు మీద ఊరికే ఆని ఉంటుంది. దానికి జిగురు లేదు, స్క్రూ లేదు. తీగల ఒత్తిడే దాన్ని అక్కడ నిలబెట్టేది. అందుకే ఈ గిటార్ తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు. ఒక్కొక్కటే విప్పి ఒక్కొక్కటే ఎక్కించాలి. అన్నీ విప్పితే కోన్ కదులుతుంది, సాడిల్ తిరుగుతుంది, శ్రుతి స్థానం పోతుంది.

మిసిసిపీ వాద్యకారుల చేతుల్లోకి ఎక్కువగా వెళ్లింది ఈ ఒంటి కోన్ ఇనప గిటారే. నేషనల్ వారి ఉక్కు బాడీ డ్యూలియన్ మోడల్ ధర అప్పట్లో 32.50 డాలర్లు, మూడు కోన్ల గిటార్‌తో పోలిస్తే చాలా చవక. సన్ హౌస్, బుకా వైట్ వాయించింది ఈ జాతి గిటార్లే. షికాగోలో టాంపా రెడ్ చేతిలో మాత్రం మూడు కోన్లది ఉండేది. రెండు శబ్దాలూ పక్కపక్కన వింటే తేడా ఎవరికైనా తెలుస్తుంది. మూడు కోన్లది మెత్తగా, ఎక్కువసేపు మోగుతుంది. ఒంటి కోన్‌ది మీటగానే మొరిగి త్వరగా తగ్గిపోతుంది. డెల్టా బ్లూస్‌లో తాళం బొటనవేలి మీద నడుస్తుంది కాబట్టి ఆ త్వరగా తగ్గే గుణమే అక్కడ కలిసొచ్చింది. ఇతనికి కావలసిందీ అదే శబ్దం.

బల్ల మీద ఏం కనపడింది

విప్పక ముందే కొలతలు తీసుకున్నాను. నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) మీద తీగల్ని పైకి లేపే స్టీలు రైజర్ ఒకటి తొడిగి ఉంది. ఒళ్లో పెట్టుకుని బరువైన స్టీల్ బార్‌తో వాయించేవాళ్లకు అది పనికొస్తుంది. సీసా మూతి స్లైడ్ చిటికెన వేలికి తొడిగి, మిగతా వేళ్లతో తీగలు నొక్కే బ్లూస్ పద్ధతికి అది పూర్తిగా అడ్డు. మొదటి ఫ్రెట్ల దగ్గర తీగ నొక్కాలంటే అంత దూరం సాగాలి, సాగినకొద్దీ శ్రుతి ఎక్కిపోతుంది. అమ్మినవాళ్లు "స్లైడ్‌కి ఇదే కావాలి" అని చెప్పి పెట్టిచ్చారట.

రైజర్ తీసేసి మళ్లీ కొలిచాను. 12వ ఫ్రెట్ మీద ఆరో తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు, మొదటి తీగది 1.5. మెడ దాదాపు తిన్నగా ఉంది. తీగలు 11 నుంచి 52 గేజ్ సెట్, అంటే మొదటి తీగ మందం 0.011 అంగుళం. శ్రుతి ఓపెన్ జీ: కింది నుంచి డి, జి, డి, జి, బి, డి. సాడిల్ దాటాక తీగలు టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు పట్టి ఉంచే రేకు) వైపు వంగే కోణం సుమారు 6 డిగ్రీలు.

ఈ ఆరు డిగ్రీల దగ్గరే నాకు కథ సగం అర్థమైంది. తీగలు దాదాపు తిన్నగా సాడిల్ మీదుగా జారిపోతున్నాయి, దాన్ని నొక్కడం లేదు.

గలగల ఎక్కడిదో వెతకడానికి నేను వాడేది అర మీటరు రబ్బరు గొట్టం. ఒక కొస చెవిలో, రెండో కొస కోన్‌ను కప్పే కవర్ ప్లేట్ మీద తిప్పుతూ ఆరో తీగ మీటుతుంటాను. కవర్ ప్లేట్ స్క్రూల దగ్గర, టెయిల్‌పీస్ దగ్గర, శ్రుతి చెవుల దగ్గర నిశ్శబ్దం. గొట్టాన్ని బాడీ వెనక, నడుము కన్నా కాస్త కిందికి తెచ్చేసరికి గలగల చెవిలోనే మోగింది. అదే చోట అరచేత్తో వీపును నొక్కితే ఆగిపోయింది. కోన్ ఉండేది ముందు వైపు కాబట్టి శబ్దం కోన్‌ది కాదని అక్కడికక్కడే తేలింది.

ఇంకో గుర్తు మెడ మడమ దగ్గర. మెడ అడుగు భాగం బాడీని తాకే చోట సన్నటి సందు. విజిటింగ్ కార్డు మూల అందులోకి దూరింది.

తీగలు వదులు చేసి, సాడిల్ స్థానం టేపుతో గుర్తు పెట్టుకుని కవర్ ప్లేట్ తెరిచాను. ఇనప గిటార్ మెడ బాడీ అంచు దగ్గరే ఆగదు. మెడకు కొనసాగింపుగా ఒక కర్ర బాడీ లోపలికి చాలా దూరం వెళ్తుంది. ఆ కర్రకూ వీపుకూ మధ్య చెక్క దిమ్మెలు బిగించి ఉంటాయి. తీగలు మెడ తలను ముందుకు లాగినప్పుడు లోపలి కర్ర కొస కిందికి దిగాలని చూస్తుంది, దాన్ని ఆపేది ఆ దిమ్మెలే. ఇక్కడ చివరి దిమ్మె జిగురు వదిలేసి, ఎండి కుంచించుకుపోయి, వేలితో కదిపితే కదులుతోంది. గలగల దానిదే.

సాడిల్ చూస్తే గాళ్లు 3 మిల్లీమీటర్ల పైగా లోతు. తీగలు చెక్కలో పూడుకుపోయి ఉన్నాయి. మూడో గాడి అడుగు తీగ మందం కన్నా వెడల్పు. తీగ అందులో కుదురుగా కూర్చోకుండా అటూ ఇటూ ఊగుతోంది. ఖాళీ తీగ బజ్ ఇక్కడిది.

కోన్‌ను మాత్రం జాగ్రత్తగా చూశాను, ఎందుకంటే అబ్బాయి అనుమానం దాని మీదే. మందపాటి గాజు పలక మీద పెట్టి అంచు చుట్టూ వేలి కొసతో తట్టాను. ఎక్కడా ఊగలేదు. శిఖరం దిగబడలేదు. బిస్కెట్ స్క్రూ బిగువుగానే ఉంది. బాడీలో కోన్ ఆనే మెట్టు మీద ఒక చోట లక్క బొట్టు గట్టిపడి ఉంది. గోటికి తగిలేంత చిన్నది, అయినా కోన్ అంచు అక్కడ గాల్లో లేచి ఉంటుంది.

ఏం జరిగి ఉంటుంది

దిమ్మె వదులయ్యాక మెడ నెమ్మదిగా ముందుకు వాలింది. మడమ కింద సందు దానివల్లే. మెడ వాలితే తీగల ఎత్తు పెరుగుతుంది. ఎత్తు తగ్గించడానికి ఎవరో సాడిల్ గాళ్లు లోతుగా కోశారు. ఎత్తు తగ్గింది, ఆ వెంటే సాడిల్ మీద తీగ వంపు తగ్గింది, కోన్ మీద బరువు పడిపోయింది. శబ్దం పల్చబడింది. తర్వాత స్లైడ్‌కి ఎత్తు చాలడం లేదని నట్ వైపు రైజర్ పెట్టారు. ఒక్కో చోట ఒక్కో మరమ్మతు, ప్రతి మరమ్మతూ ముందుదాన్ని ఇంకా పాడు చేసింది. నా దగ్గరకు వచ్చే ఫ్యాక్టరీ రెసొనేటర్లలో ఈ వరస తరచుగా చూస్తాను. మూలం ఎప్పుడూ దిమ్మె కాకపోవచ్చు గానీ, వంపు కోల్పోయిన సాడిల్ మాత్రం దాదాపు ప్రతిసారీ ఉంటుంది.

బరువు లెక్క కూడా చెప్తాను, ఊరికే చెవి మీద ఆధారపడితే నమ్మకం కుదరదు. 11–52 సెట్ ఓపెన్ జీలో పెడితే ఆరు తీగల లాగుడు మొత్తం సుమారు 60 కిలోలు. 6 డిగ్రీల వంపుతో అందులో కోన్ మీదకు దిగేది 6 కిలోలకు కాస్త పైన. 16–56 సెట్ అదే శ్రుతిలో సుమారు 80 కిలోలు లాగుతుంది. అప్పుడు వంపులో ప్రతి డిగ్రీకీ కోన్ మీద దాదాపు 1.4 కిలోలు చేరతాయి. 11 డిగ్రీలు చేయగలిగితే 15 కిలోలు. అంటే పాత స్థితికి రెండు రెట్లు దాటి. అయితే వంపు ఎంత పెంచితే అంత మంచిదని కాదు. హద్దు దాటితే పల్చటి కోన్ దిగబడిపోతుంది, శబ్దం బిగుసుకుపోతుంది.

తీగలు ముందు, ఎత్తు తర్వాత

నిర్ణయాల్లో మొదటిది తీగల మందం. ఓపెన్ జీలో ఒకటి, ఐదు, ఆరు తీగల్ని మామూలు శ్రుతి కన్నా రెండు స్వరస్థానాలు దించుతాం. తీగ లాగుడు శ్రుతి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి రెండు స్థానాలు దించితే ఐదో వంతు లాగుడు పోతుంది. అసలే సన్నగా ఉన్న 11 తీగ దించాక 7 కిలోలకు మించి లాగదు. అదే స్వరానికి 16 తీగ 14 కిలోలు లాగుతుంది.

స్లైడ్‌కి దీంతో సంబంధం సూటిగా ఉంది. వేలు తీగను ఫ్రెట్‌కి అదిమి పెడుతుంది. స్లైడ్ తీగ మీద ఆని ఉంటుందే తప్ప అదమదు. స్లైడ్ బరువుకు తీగ ఎంత దిగుతుందన్నది తీగ లాగుడు మీద ఆధారపడుతుంది. లాగుడు రెట్టింపైతే దిగడం సగమవుతుంది. అంటే మందమైన తీగ వేస్తే, ఎత్తు పెంచకుండానే ఫ్రెట్ల టకటక సగం తగ్గినట్టే. ఎత్తు పెంచి ఆ పని చేయిద్దామంటే వేళ్లతో నొక్కే వాయింపు చెడుతుంది. డెల్టా పద్ధతిలో ఆ రెండూ ఒకే పాటలో, ఒక్కోసారి ఒకే తాళంలో వస్తాయి. అందుకే నేను ఎప్పుడూ తీగ గేజ్ దగ్గర మొదలుపెడతాను. ఎంచిన సెట్ 16, 18, 26, 36, 46, 56. మూడోది చుట్టు తీగ, అంటే పైన సన్న తీగ చుట్టినది. సాదా తీగ అయితే అంత మందంలో శ్రుతి నిలవదు.

మామూలు శ్రుతికి లాగి ఈ సెట్ ఎప్పుడూ వాడకూడదని అతనికి గట్టిగా చెప్పాను. ఈ మెడకూ కోన్‌కూ అది మోయలేని బరువు. ఓపెన్ డి కావాలంటే ఫర్వాలేదు. అందులో ఆరో తీగ, ఒకటో తీగ ఇక్కడున్నట్టే ఉంటాయి. రెండు, మూడు తీగలు ఇంకా దిగుతాయి. ఐదో తీగ ఒక్కటే రెండు స్థానాలు పైకి వెళ్తుంది.

చేసిన పని

పాత దిమ్మె తీసేసి కొత్తగా మేపుల్ దిమ్మె కోశాను. పాతదాని కన్నా 1.5 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉంచాను. లోపలి కర్ర కొస అంత లేచేసరికి మెడ వెనక్కి వాలి, మడమ కింద సందు మూసుకుపోయింది. కార్డు మళ్లీ దూరలేదు. ఆ కొద్దిపాటి వాలు వల్ల సాడిల్‌ను మరో 1.7 మిల్లీమీటర్లు ఎత్తుకునే వీలు దొరికింది. స్లైడ్ కోసం ఎలాగూ ఎత్తాల్సిన 1.3 కలుపుకుంటే మొత్తం 3 మిల్లీమీటర్లు. ఇనప గిటార్ మెడ కోణం సరిచేయడంలో ఉన్న సుఖం ఇది. చెక్క గిటార్‌లా ఆవిరి పట్టి మెడ ఊడదీయక్కర్లేదు.

మెట్టు మీది లక్క బొట్టును చిన్న ఉలి కొసతో గీకి తీసి, మెత్తటి గుడ్డతో చుట్టూ తుడిచాను. కోన్‌ను అక్కడ పెట్టి అంచు తట్టి చూస్తే ఇప్పుడు చుట్టూ ఒకే స్వరం.

సాడిల్ పని మాత్రం తీరిగ్గా చేయాల్సిన పని. పాతదాన్ని బిస్కెట్ గాడిలోంచి తీసి, నిలువు పొరలున్న గట్టి మేపుల్‌తో కొత్తది చేశాను. దాని పై అంచు వంపు ఎంత ఉండాలన్నది స్లైడ్ గిటార్‌లో అసలు ప్రశ్న. ఫ్రెట్‌బోర్డు వంపు 12 అంగుళాల వ్యాసార్ధం. సాడిల్ కూడా అదే వంపుతో చేస్తే తిన్నటి గాజు గొట్టం మధ్య తీగల్నే తాకి చివరి తీగల్ని వదిలేస్తుంది. పూర్తిగా చదునుగా చేస్తే చివరి తీగలు నొక్కడానికి మరీ ఎత్తవుతాయి. నట్ దగ్గర 12 అంగుళాల వంపు ఉంచేసి సాడిల్‌ను 20 అంగుళాల వంపుకు తెచ్చాను. 5వ ఫ్రెట్ దగ్గర స్లైడ్ పెట్టాలంటే కాస్త ఒత్తాలి, 12వ ఫ్రెట్ దగ్గరకొచ్చేసరికి ఆరు తీగలూ సులువుగా అందుతాయి. అతను ఎక్కువగా వాయించేది పైనే.

గాళ్లు ఒక్కో తీగకు సరిపోయే గేజ్ ఆకురాయితో కోశాను. గాడి లోతు తీగ మందంలో సగం, అంతకు మించి వద్దు. గాడి అడుగు టెయిల్‌పీస్ వైపు కిందికి జారాలి, అప్పుడే తీగ సాడిల్ ముందు అంచు మీద ఒకే బిందువు దగ్గర ఆనుతుంది. వెనక అంచు మీద ఆనిందా, ముందు ఖాళీలో తీగ కొట్టుకుని సితార్ లాంటి జీర వస్తుంది. రెండో తీగకు సాదా 18 కాబట్టి ఆ గాడి ముందు అంచును రవ్వంత వెనక్కి గీకాను, లేకపోతే పైన శ్రుతి ఎక్కువ పలుకుతుంది.

టెయిల్‌పీస్ పల్చటి రేకు, చేత్తో వంచితే వంగే రకం. ముందు కొస సుమారు 6 మిల్లీమీటర్లు కిందికి దిగేలా వంచి, దానికీ కవర్ ప్లేట్‌కూ మధ్య తోలు ముక్క పెట్టాను. ఇనుము ఇనుముని తాకితే అదో కొత్త బజ్. సాడిల్ ఎత్తు, టెయిల్‌పీస్ వంపు రెండూ కలిసి కోణాన్ని 11 డిగ్రీలకు తెచ్చాయి. సాడిల్ అంత పెరిగాక తీగలకూ, పైన చెయ్యి ఆనించే ఇనప పట్టీకీ మధ్య ఎడం చూసుకున్నాను. 2.5 మిల్లీమీటర్లు మిగిలింది, సాడిల్‌కి అంత దగ్గర తీగ ఊగేది చాలా తక్కువ కాబట్టి సరిపోతుంది.

నట్ ఎముకతో కొత్తది. గాళ్లు పెద్దవి కావాలి కాబట్టి పాతది ఎలాగూ పనికిరాదు. మొదటి ఫ్రెట్ మీద ఆరో తీగ ఎత్తు 0.6 మిల్లీమీటర్లు, మొదటిది 0.45 ఉంచాను. మామూలు గిటార్ కన్నా రవ్వంత ఎక్కువ, రైజర్‌తో పోలిస్తే ఏమీ కాదు. కొత్త తీగల లాగుడుకు మెడ కాస్త వంగింది. మెడ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, తిప్పి 7వ ఫ్రెట్ దగ్గర పావు మిల్లీమీటరు పల్లం ఉండేలా చూశాను.

చివరిగా శ్రుతి స్థానం. కోన్‌ను కవర్ ప్లేట్ కింద కొంచెం తిప్పితే సాడిల్ వాలుగా నిలుస్తుంది. మొదటి తీగ పొడవు స్కేలు కన్నా 2, ఆరో తీగ 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా నిలబెట్టాను. ఆ రెండు తీగల్లోనూ 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి పలికించే స్వరం), నొక్కిన స్వరం రెండూ కలిశాయి. 12వ ఫ్రెట్ మీద తుది ఎత్తు ఆరో తీగకు 2.6, మొదటి తీగకు 2.2.

స్లైడ్, చెయ్యి

అతని స్లైడ్ ఎలక్ట్రిక్ గిటార్‌కి పనికొచ్చే పల్చటి గాజుది, వేలికి వదులు. వేలి మీద గిరగిరా తిరిగే స్లైడ్‌తో శ్రుతి పట్టడం ఎవరివల్లా కాదు. నా దగ్గరున్న రకరకాలు వాయించి చూడమన్నాను. ఇత్తడిది శబ్దం పెద్దది గానీ ఈ గిటార్ మీద గరగర ఎక్కువైంది. మందపాటి గాజు గొట్టం నచ్చింది. ఆరు తీగలూ దాటేంత పొడవు, బిగువుగా పట్టే లోపలి కొలత. మందమైన తీగ వేశాం కాబట్టి బరువైన స్లైడ్ వేసినా తీగ ఫ్రెట్‌కి దిగడం లేదు.

ఇంకొకటి, ఇది సెటప్‌కి సంబంధించిందే. వేలితో నొక్కేటప్పుడు ఫ్రెట్‌కి వెనక నొక్కుతాం. స్లైడ్‌ను సరిగ్గా ఫ్రెట్ తీగ మీద నిలపాలి. వెనక మిగిలిన తీగ భాగం కూడా మోగుతుంది కాబట్టి స్లైడ్ వెనక వేళ్లను తీగల మీద తేలిగ్గా ఆనించి దాన్ని ఆపాలి. ఈ రెండూ తెలియక వచ్చే రొదను చాలామంది గిటార్ తప్పనుకుంటారు. ఇతను మాత్రం త్వరగా పట్టేశాడు. చిన్నప్పుడు ఇంట్లో అమ్మ దగ్గర వీణ నేర్చుకున్నాడట. మెట్టు మీద తీగ లాగి గమకం పలికించిన చెవికి స్వరానికీ స్వరానికీ మధ్య చోటు కొత్త కాదు. గోటువాద్యం విన్న తెలుగువాళ్లెవరికైనా మెట్లతో పనిలేని జారుడు ఎంత దూరం వెళ్తుందో తెలుసు. బ్లూస్‌లో గాంధారం సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో వేలాడుతుంది. దాన్ని అతను చూపించకుండానే అక్కడ నిలిపాడు.

ఫలితం

గలగల పోయింది. ఖాళీ తీగ బజ్ పోయింది. స్లైడ్ 12 దాటి 15వ ఫ్రెట్ దాకా టకటక లేకుండా వెళ్తోంది, మరీ గట్టిగా అదిమితే తప్ప. వేళ్లతో నొక్కిన స్వరాలు 5వ ఫ్రెట్ దాకా బాగా కలుస్తున్నాయి, పైన రెండో తీగ కొద్దిగా ఎక్కువ పలుకుతోంది. తిన్నటి సాడిల్‌తో అంతకు మించి రాదు, నాకది సమ్మతమే.

శబ్దంలో మార్పు మాత్రం అతను ఊహించినదాని కన్నా పెద్దది. ఆరో తీగకు అడుగు వచ్చింది. బొటనవేలితో తాళం వేస్తుంటే ఛాతీకి తగులుతోంది. మొదటి తీగ మీద స్లైడ్ వణికిస్తే ఆ స్వరం నిలబడుతోంది, ముందులా మధ్యలో తెగిపోవడం లేదు. ఇదంతా పాత కోన్‌తోనే.

"మరి నేను కొన్న కోన్ సంగతేంటన్నా?"

"రెండు నెలలు ఇలాగే వాయించు తమ్ముడూ. అప్పుడు కూడా ఏదో తక్కువైందనిపిస్తే తీసుకురా, మార్చి వినిపిస్తాను."

మళ్లీ తెచ్చాడు. కొత్త కోన్ తిప్పుడు యంత్రం మీద చేసినది, పాతదాని కన్నా పల్చన. కోన్ ఎత్తు వేరు కాబట్టి దానికి వేరే బిస్కెట్, వేరే సాడిల్ చేయాల్సి వచ్చింది. కోన్ మార్చడమంటే కవర్ విప్పి ఒకటి తీసి ఒకటి పెట్టడం అనుకునేవాళ్లు ఈ ఖర్చును లెక్కలో వేసుకోవాలి. బిగించి వాయిస్తే మంద్రం ఇంకా నిండుగా, మోత ఇంకా పొడవుగా వచ్చింది. విడిగా వింటే మెరుగైన శబ్దమే, నా చెవి దానికే ఓటేస్తుంది. అతను చాలాసేపు రెండూ మార్చి మార్చి విన్నాడు. పాత కోన్‌లో ఉన్న మొరుగుడు, త్వరగా తగ్గే గుణం తనకు కావాలన్నాడు. బొటనవేలి తాళానికి అదే అచ్చొస్తుందన్న అతని వాదన సబబుగానే తోచింది. పాతదాన్నే తిరిగి బిగించాను. కొత్త కోన్‌నూ, దానికి చేసిన బిస్కెట్‌నూ జతగా, ఏ వైపు టెయిల్‌పీస్‌కి రావాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇచ్చాను.

ఆ ఎండాకాలం తర్వాత ఒకసారి కొలతలకు పిలిచాను. మెంఫిస్ వేసవి తేమకు చెక్క ఉబ్బుతుంది, చలికాలం హీటర్ల గాలికి ఎండుతుంది. కొత్త దిమ్మె ఎలా ఉందో చూడాలి. దిమ్మె కదల్లేదు, మడమ దగ్గర సందు లేదు. ఆరో తీగ ఎత్తు 2.6 నుంచి 2.5కి దిగింది. ఆమాత్రం కోన్ సర్దుకోవడం మామూలే. మూడో తీగ గాడిలో గ్రాఫైట్ కాస్త రాసి, చలికాలం మధ్యలో ఇంకోసారి తీసుకురమ్మన్నాను. ఈలోగా ఎత్తు 2.3 కన్నా దిగినా, కవర్ ప్లేట్ రంధ్రాల్లోంచి చూస్తే కోన్ శిఖరం ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించినా తీగలు వదులు చేసి వెంటనే ఫోన్ చేయమన్నాను.